మా ఇంటి వెనక గోడ పైపు

మాది బెంగళూరు శివార్లలో, సర్జాపుర దాటాక వచ్చే చిన్న ఊరు. ఆనేకల్ తాలూకా. 140 ఇళ్లు, 640 మంది జనం. సగానికి పైగా ఇళ్లలో మాట్లాడేది తెలుగే. కన్నడం బడికి, ఆఫీసు పనులకు. నేను కోలారు జిల్లా శ్రీనివాసపుర వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి చాలా ఏళ్లయింది. 2020 డిసెంబరు గ్రామ పంచాయతీ ఎన్నికల్లో మహిళా సీటులో నిలబడి గెలిచాను. ఊరి మురుగు నీళ్ల పని నా చేతికి అలా వచ్చింది. అది ఒక కొలిక్కి రావడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఇంకో ఊళ్లో ఎవరైనా ఈ పని తలకెత్తుకుంటే, మాకు ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో తెలిస్తే వాళ్లకు కొంత కాలం కలిసొస్తుందని రాస్తున్నాను.

నిజానికి మొదట మేం మురుగు సంగతి ఆలోచించనే లేదు. మా బాధంతా తాగే నీళ్లదే. జల్ జీవన్ మిషన్ వచ్చాక ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష కిట్ ఇచ్చి నేర్పించారు. ఆ ఐదుగురిలో నేనూ ఉన్నాను. చిన్న గాజు గొట్టంలో బోరు నీళ్లు పోసి, పొడి కలిపి, కాసేపు ఆగి, కార్డు మీది రంగులతో పోల్చి చూడాలి. నైట్రేట్ గొట్టంలో రంగు లేత గులాబీ దగ్గర ఆగాలి. మాది దానిమ్మ గింజ రంగుకు పోయింది. ల్యాబ్‌కు పంపితే లీటరుకు 92 మిల్లీగ్రాములని వచ్చింది. తాగే నీళ్లలో అది 45 దాటకూడదు. దాటితే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ సరిగా మోయలేదు, పెదాలు నీలంగా మారతాయి. కాచినా ఇది పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అప్పుడు మా వీధిలో ఇద్దరు బాలింతలున్నారు. పోతపాలు కలపాల్సి వస్తే ఆర్‌ఓ ఫిల్టర్ నీళ్లే వాడండమ్మా అని వాళ్ల ఇళ్లకు పోయి చెప్పి వచ్చాను. చెప్పి వచ్చానే గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొలాల ఎరువు వల్లే అన్నారు అందరూ. అదీ కొంత నిజమే. కానీ ఆ బోరు ఉన్నది పొలాల మధ్యలో కాదు. ఊరి మోరి పోయి ఆగే కుంటకు 60 అడుగుల దూరంలో. మురుగు కాలువను మేం మోరి అంటాం. గుడి వెనక నుంచి మొదలై, రెండు వీధుల నీళ్లు కలుపుకుని, దిగువన చెరువు కట్టకు ఇవతల ఉన్న కుంటలో పడుతుంది. కుంట నిండితే చెరువులోకి. పశువులు ఆ చెరువులోనే తాగేవి.

పంచాయతీలో అప్పటికే ఒక ప్లాన్ ఉంది. స్వచ్ఛ భారత్ రెండో విడతలో, 5,000 లోపు జనాభా ఉన్న ఊళ్లకు వాడుక నీళ్ల పనికి మనిషికి 280 రూపాయల వరకు వచ్చేది. మా 640 మందికి లెక్కేస్తే 1,79,200. అందులోనూ 30 శాతం పంచాయతీ తన 15వ ఆర్థిక సంఘం నిధుల్లోంచే పెట్టుకోవాల్సి ఉండేది. ఆ డబ్బుకు సరిపోయేలా మోరి చివర ఒక ఇసుక తొట్టి, దాని పక్కన మూడు ఇంకుడు గుంతలు గీశారు. కాగితం మీద ‘బూదు నీరు’ అని రాసి ఉంది. బూడిద రంగు నీళ్లని అర్థం, అంటే వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు. మరుగుదొడ్డి నీళ్లు వేరు. వాటిని కన్నడంలో ‘కప్పు నీరు’ అంటారు, నల్ల నీళ్లని. మా మోరిలో పోయేది బూదు నీరేనని పంచాయతీ అధికారి పీడీఓ మొదలు నా దాకా అందరం నమ్మాం. ఏ ఇంట్లో అడిగినా ‘మాకు సెప్టిక్ ట్యాంక్ ఉంది’ అనే చెప్పారు మరి.

తీర్మానం మీద సంతకం పెట్టే ముందు తెలిసినవాళ్లకు ఒకసారి చూపిద్దామనిపించింది. మా తమ్ముడి స్నేహితురాలు ఒకామె మురుగు నీళ్ల పనులే చేసే ఇంజినీరు. రమ్మంటే ఒక ఆదివారం పొద్దున ఆరింటికే వచ్చింది. ప్లాన్ చూడలేదు. తిన్నగా మోరి దగ్గరికి పోయి, ‘అక్కా, 20 లీటర్ల బకెట్ ఒకటి తెప్పించండి’ అంది.

మా నీరుగంటి అన్న, అంటే ఊరికి బోరు నీళ్లు వదిలే మనిషి, మోరి చివర మట్టి కట్టి నీళ్లన్నీ ఒకే పైపులోంచి పడేలా చేశాడు. ఆమె ఫోన్‌లో టైం చూస్తూ బకెట్ పట్టింది. ఏడింటికి బకెట్ 12 సెకన్లలో నిండింది, అంటే గంటకు 6,000 లీటర్లు. పదకొండింటికి నిమిషం పట్టింది, గంటకు 1,200. రాత్రి పదింటికి సన్నటి ధార. అలా మూడు రోజులు మేమే కొలిచి రాసి పంపితే రోజుకు 28,000 లీటర్ల చొప్పున తేలింది. మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లిస్తే అందులో 80 శాతం మురుగుగా వస్తుందని ఇంజినీర్ల లెక్క, మాకు సరిగ్గా దానికి దగ్గరగానే వచ్చింది. అసలు సంగతి ఆ మొత్తంలో లేదంది ఆమె. పొద్దున ఆ గంటన్నరలో దూకే నీళ్లను తట్టుకోలేకపోతే ఎంత మంచి తొట్టి కట్టినా లోపలి బురదంతా కొట్టుకుపోతుందట.

ఆ తర్వాత ఆమె ఒక పుల్లతో మోరి అడుగున కెలికింది. తారులాంటి నల్ల బురద, బుడగలు, అందులో సన్నటి ఎర్ర పురుగులు. కాసేపు చూసి, ‘అక్కా, ఇది వంటింటి నీళ్ల మోరి కాదు’ అంది. నాకు మొదట అర్థం కాలేదు. ‘ఈ నీళ్లలో మరుగుదొడ్డి నీళ్లు కలుస్తున్నాయి. ఒకటి రెండు ఇళ్లవి కాదు, చాలా ఇళ్లవి. వీటిని ఇంకుడు గుంతలో పోస్తే తిన్నగా మీ బోరుకు పంపినట్లే. ఇక్కడ కింద బండ పైనే ఉంది, పగుళ్లలోంచి దిగిపోతాయి.’

ఏ ఇంటివి అని అడిగితే ఎవరు చెబుతారు? ఆమె దగ్గర ఒక పొడి ఉంది. ప్లంబర్లు లీకులు కనిపెట్టడానికి వాడేదట. గోధుమ రంగులో ఉంటుంది, నీళ్లలో పడితే చిలకపచ్చగా మెరుస్తుంది. ఒక్కో ఇంటి మరుగుదొడ్డిలో చిటికెడు వేసి, నాలుగు బకెట్ల నీళ్లు కొట్టి, మోరి దగ్గర నిలబడి చూడాలి. ట్యాంకులో ఖాళీ ఉంటే రంగు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ట్యాంకు బురదతో నిండిపోయి ఉంటే గంటలోపే వచ్చేస్తుంది.

ఎవరి ఇంటి నుంచి మొదలుపెట్టాలన్నప్పుడు, సభ్యురాలిని కాబట్టి మా ఇంటి నుంచే అన్నాను. ధైర్యంగానే అన్నాను, ఎందుకంటే మా ట్యాంకు పక్కన ఇంకుడు గొయ్యి ఉందని మా మామ ఎప్పుడూ చెప్పేవాడు. మా మామ ఊళ్లో పెద్దమనిషి. గుడి లెక్కలు, పెళ్లి పంచాయితీలు ఆయన దగ్గరికే వస్తాయి. ఆ పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

నలభై నిమిషాలు కూడా కాలేదు. మా ఇంటి వెనక, గోడ కింద చప్పడి రాయి ఒకటి మోరి మీద పరిచి ఉంటుంది. ఆ రాయి కింద నుంచి పచ్చగా వచ్చింది. ముందు ఒక దారంలా, తర్వాత చేతి వెడల్పున. ఎండ పడి ఆ నీళ్లు మెరుస్తున్నాయి. నీరుగంటి అన్న రాయి పక్కకు జరిపాడు. గోడలోంచి నాలుగించుల పైపు మోరిలోకి వంగి ఉంది. పచ్చ రంగు దాని నోట్లోంచే కారుతోంది. వీధిలో పదిమంది దాకా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. మామ లేచి వచ్చి నిలబడ్డాడు. చాలా సేపు ఆ పైపునే చూశాడు. నేను తల వంచుకున్నాను. నా ఇల్లు, నా చెరువు, నా చేతుల్తో పరీక్ష చేసిన బోరు.

‘ఇల్లు కట్టిన మూడో ఏడు వానాకాలంలో ట్యాంక్ పొంగె. ఇంట్లో పెళ్లి పెట్టుకొని ఉంటిమి. మేస్త్రి పైపు పెట్టి మోరిలో కలిపె. ఊళ్లో అందరూ అట్లే చేసిరి,’ అన్నాడు మామ. ఆ ట్యాంకును కట్టిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఎత్తించలేదు. రెండు మూడేళ్లకోసారి బురద తీయించాలని మాలో ఎవరికీ తెలియదు. పొంగకపోతే బాగున్నట్లే అనుకున్నాం. పొంగకపోవడానికి కారణం ఆ పైపే.

ఆ రోజు మధ్యాహ్నం మామ అన్నం తినలేదు. సాయంత్రం తువ్వాలు భుజాన వేసుకుని నా వెంట బయలుదేరాడు. పక్కింటి అరుగెక్కి, ‘మా ఇంట్లో పైపు ఉంది రా. అందరూ చూసిరి. మీ ఇంట్లో కూడా చూస్తారు, తలుపు తియ్యి’ అన్నాడు. ఆయన ఆ మాట అన్నాక ఏ ఇల్లూ కాదనలేదు. నేను ఒక్కదాన్నే పోయుంటే సగం తలుపులు మూసుకునేవి. తొమ్మిది రోజుల్లో ఊరంతా చూశాం. మరుగుదొడ్లున్న ఇళ్లు 131. అందులో 87 ఇళ్ల ట్యాంకుల నీళ్లు మోరిలోనే పడుతున్నాయి.

ఎవరికైనా నేను మొదట చెప్పేది ఈ సంగతే. బకెట్ కొలత, ల్యాబ్ రిపోర్టు, డబ్బుల లెక్క అన్నీ కావాలి. కానీ ఇళ్ల వెనక గోడలు చూడకుండా గీసిన ప్లాన్ ఏదైనా తప్పుడు ప్లానే. మేం ఆ మూడు గుంతలు తవ్వి ఉంటే ఫోటోలు తీసి, బిల్లులు పెట్టి, పని అయిపోయిందని రాసుకునేవాళ్లం. బోరు నీళ్లు ఇంకా పాడయ్యేవి.

2021 ఏప్రిల్ చివర్లో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది. నాలుగు నెలలు ఏ పనీ లేదు. ఆగస్టులో మేం ఏడుగురం దేవనహళ్లి పోయాం. విమానాశ్రయం ఉన్న ఆ ఊళ్లో అప్పటికి భూగర్భ డ్రైనేజీ లేదు, ఇళ్లన్నీ గుంతల మీదే ఆధారపడేవి. లారీలు ఎత్తుకొచ్చిన ఆ బురదను శుద్ధి చేయడానికి 2015లో పురసభ, మురుగు శుద్ధి పనులు చేసే సీడీడీ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి ఒక ప్లాంటు కట్టాయి. రోజుకు 6,000 లీటర్ల బురద పడుతుంది. చాలా భాగం వాలు మీదే నడుస్తుంది. మామ అక్కడ ఎండబెట్టే మడుల పక్కన కూర్చుని, ఎండిన బురద చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. మట్టి వాసన. ‘పేడ ఎరువు కూడా ఇట్లే కదమ్మా’ అన్నాడు. ఊరికి వచ్చాక నేను పది మీటింగుల్లో చెప్పలేనిది ఆయన ఆ ఒక్క మాటతో చెప్పాడు.

ఇంజినీరమ్మ కొత్తగా గీసిన ప్లాన్ ఇది. మోరి చివర ముందు ఇనుప జల్లెడ, ప్లాస్టిక్, వెంట్రుకలు ఆపడానికి. తర్వాత మూత ఉన్న పెద్ద తొట్టి, బరువైనది అడుగుకు, జిడ్డు పైకి చేరడానికి. దాని తర్వాత ఆరు గదులు. ఒక్కో గదిలో నీళ్లు పైపు ద్వారా అడుగుకు దిగి, అక్కడున్న బురద పొరలోంచి మెల్లగా పైకి లేచి, పక్క గదిలోకి పోవాలి. ఆ బురదలో గాలి అవసరం లేని సూక్ష్మజీవులుంటాయి, మురికిని తినేది అవే. నీళ్లు గంటకు ఒక మీటరు కంటే వేగంగా పైకి లేస్తే బురద కూడా లేచి కొట్టుకుపోతుంది. పొద్దుటి 6,000 లీటర్ల లెక్క చూసే ఆమె గదులను వెడల్పు చేసింది. చివర కంకర మడి, మెట్ట తామర మొక్కలతో. ఎక్కడా మోటారు లేదు. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. మోటారు కాలిపోతే పంచాయతీలో బిల్లు పాస్ కావడానికి ఎన్ని నెలలు పడుతుందో మాత్రం నేను చెప్పగలను.

అంచనా 16 లక్షలు దాటింది. ఆర్థిక సంఘం నిధుల్లో పారిశుద్ధ్యానికి కట్టి ఉంచే భాగం రెండేళ్లది కలిపాం. తవ్వకం నరేగా, అంటే ఉపాధి హామీ కూలీలో పెట్టాం. మిగిలింది సర్జాపుర దారిలోని ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే తన సామాజిక బాధ్యత నిధుల్లోంచి ఇచ్చింది. దాని కోసం ఎన్ని మెట్లు ఎక్కానో రాయడం మొదలుపెడితే అదే ఇంకో కథవుతుంది, వదిలేస్తున్నాను.

స్థలమే పెద్ద గండం. చెరువు భూమిలో కట్టకూడదు. దిగువన మిగిలింది గోమాళం, పశువుల మేత భూమి. పశువులున్న ఇళ్లవాళ్లు గ్రామసభలో లేచి, మేత పోతుందన్నారు. వాళ్ల మాటలో తప్పేం లేదు. చివరికి మడి చుట్టూ గట్ల మీద నేపియర్ గడ్డి పెంచి, కోసుకునే హక్కు ఆ ఇళ్లకే ఇస్తామని తీర్మానం రాశాం. అయినా కాగితం తాలూకా ఆఫీసులో ఐదు నెలలు కూర్చుంది. నేను వారం వారం బస్సెక్కి పోయి అడిగి వచ్చేదాన్ని.

2022 జనవరిలో తవ్వకం మొదలైంది. ఈ పనిలో నేను నా కళ్లతో చూసి నేర్చుకున్నది లెవెల్. మోరి చివరకూ కుంట గట్టుకూ మధ్య పల్లం మొత్తం నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగుల్లోనే జల్లెడ, తొట్టి, ఆరు గదులు, మడి అన్నీ వాలుగా దిగాలి. మేస్త్రి సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు నింపి, రెండు కొసలూ రెండు కర్రలకు కట్టి, అటు ఒకరు ఇటు ఒకరు పట్టుకుని గుర్తు పెట్టేవాడు. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా గుర్తు తప్పుతుంది. మూడో గది పైపు అర అంగుళం పైకి వచ్చిందని కట్టిన గోడ పగలగొట్టించింది ఇంజినీరమ్మ. మేస్త్రి అలిగి రెండు రోజులు రాలేదు. మామ వాళ్లింటికి పోయి పిలుచుకొచ్చాడు.

మడిలో పోసే కంకరను, మా వైపు జల్లి అంటాం, కడగాలి. ఇది ఎవరూ చెప్పరు. క్రషర్ నుంచి వచ్చే జల్లికి రాతి పొడి అంటుకుని ఉంటుంది. అలాగే పోస్తే ఆ పొడి అడుగుకు దిగి గట్టిపడి నీళ్లు కదలవు. టిప్పర్ల కొద్దీ జల్లిని పది మంది ఆడవాళ్లం గంపల్లో పెట్టి, ట్యాంకర్ నీళ్లతో పన్నెండు రోజులు కడిగాం. చేతులు పగిలి కొబ్బరి నూనె రాసుకుని పడుకునేవాళ్లం. నీళ్లు దిగేచోట, బయటికి పోయేచోట పెద్ద రాళ్లు, నడుమ 10 నుంచి 20 మిల్లీమీటర్ల జల్లి, రెండు అడుగుల లోతు. నీటి మట్టం జల్లి పైభాగానికి రెండు అంగుళాల కిందే ఉండాలి. అందువల్ల పైన తడి ఉండదు, దోమలు గుడ్లు పెట్టలేవు. మెట్ట తామర దుంపలు ఊళ్లో పెరళ్ల నుంచే తెచ్చి నాటాం. మా అత్త తన పెరట్లోవి ఇచ్చింది, ఎర్ర పూలవి.

జూన్‌లో నీళ్లు వదిలాం. సూక్ష్మజీవులు తమంతట తాము రావాలంటే చాలా కాలం పడుతుందని, ఒక హనీ సక్కర్ లారీతో, అంటే ట్యాంకుల బురద పైపుతో పీల్చే లారీతో, సెప్టిక్ బురద 2,000 లీటర్లు, దానితో పాటు పేడ నీళ్లు గదుల్లో పోశాం. తోడు వేసినట్టు. తోడుకోవడానికి మూడు నెలలు పడుతుందని ఇంజినీరమ్మ ముందే చెప్పింది. ఆ మూడు నెలలు కుళ్లిన గుడ్డు వాసన. ప్లాంటుకు దగ్గర్లో ఉన్న ఇల్లు ఒక పిన్నమ్మది. ‘ఊరి పీడ అంతా తెచ్చి నా గడప ముందర పోస్తివి కదే’ అని ఆమె ఏడ్చింది. నేను ఆ ఇంట్లో ఒక రాత్రి పడుకుని చూశాను. నిజంగానే ఊపిరి ఆడలేదు. మర్నాడే మూతల సందులన్నీ సిమెంటుతో మూయించి, గాలి గొట్టాన్ని 15 అడుగుల ఎత్తు చేయించాం. వాసన పూర్తిగా పోలేదు గానీ ఆమె తలుపు తీసుకుని వంట చేసుకోగలిగింది.

ఆ సెప్టెంబరు మొదటి వారం వానలు బెంగళూరులో ఎవరికీ మరపుకు రావు. సర్జాపుర రోడ్డు, బెళ్ళందూరు మునిగాయి, జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తెచ్చారు. మా ఊళ్లో మిద్దెల మీది వాన నీళ్లన్నీ మోరిలోకే కదా పడేది. రాత్రి రెండింటికి నీరుగంటి అన్న తలుపు కొట్టాడు. టార్చి పట్టుకుని పోతే మోరి నది అయింది. గదుల్లో మూడు నెలలుగా తోడుకున్న బురద మొత్తం లేచి కంకర మడిలోకి పోతోంది. మడి మీద నల్లటి నీళ్లు నిలిచాయి. మేమిద్దరం ఇసుక మూటలు వేసి ఆపబోయాం, ఆగలేదు. తెల్లారాక మామ వచ్చి చూసి, నా తల మీద చేయి పెట్టి, ఏమీ అనకుండా పోయాడు. నేను ఆ గట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

తప్పు ప్లాన్‌లోనే ఉంది. జల్లెడకు ముందు వాన నీళ్లు పక్కకు తప్పుకునే దారి పెట్టలేదు. ఒక అడుగు ఎత్తున చిన్న అడ్డుగోడ, దాని పక్క నుంచి చెరువుకు పోయే కాలువ. మామూలు రోజుల్లో నీళ్లు ప్లాంటులోకి, గోడ ఎత్తు దాటితే కాలువలోకి. 11,000 రూపాయల పని. అది ముందే కట్టి ఉంటే 40 రోజుల శ్రమ మిగిలేది. మడిలో నీళ్లు దిగేచోట పెద్ద రాళ్లన్నీ తీసి, కడిగి, మళ్లీ పేర్చాం. గదుల అడుగు చూడటానికి ఒక మనిషిని దింపుతానన్నాడు మేస్త్రి. వద్దన్నాను. రక్షణ సామగ్రి లేకుండా ఇలాంటి ట్యాంకుల్లో మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా ఆ గాలిలోకి నేను ఎవరి కొడుకునూ పంపను. లారీ పైపుతోనే పని చేయించాం, రెండు రోజులు ఎక్కువ పట్టింది.

2023 ఫిబ్రవరిలో ఒక పొద్దున మడి చివరి పైపు కింద గాజు గ్లాసు పట్టాను. నీళ్లకు లేత పసుపు రంగు. గ్లాసు అవతల నా వేళ్ల గీతలు కనిపించాయి. ల్యాబ్ కాగితంలో లోపలికి వచ్చే నీళ్ల బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్, లీటరుకు 210 మిల్లీగ్రాములు, బయటికి వచ్చేది 18. మెట్రో నగరాలు, చాలా రాష్ట్రాల రాజధానులు మినహా మిగతా చోట్ల 30 మించకూడదని 2017లో కేంద్రం పెట్టిన హద్దు. అంకెలు ఫోన్‌లో చదివి వినిపిస్తే ఇంజినీరమ్మ, ‘అక్కా, మళ్లీ చదవండి’ అంది.

అయితే ఈ నీళ్లలో రోగక్రిములు పూర్తిగా చావవు. కంకర మడి ఆ పని చేయలేదు. కాబట్టి కొత్తిమీర, పాలకూర లాంటి వాటికి, పచ్చిగా తినే దేనికీ ఈ నీళ్లు పెట్టకూడదని గ్రామసభలో మూడుసార్లు చెప్పించాం. కొబ్బరి, పూలు, గడ్డికి సరే. మా పుట్టింటి వైపు కోలారు చెరువులకు 2018 నుంచి బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లు వస్తున్నాయి. ఎండిపోయిన చెరువులు నిండాయి, బోర్లలో నీళ్లు పెరిగాయని మా అన్నలు సంతోషపడతారు. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపాలని అక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆ అడగడం న్యాయమని ఈ పని చేశాక నాకు ఇంకా గట్టిగా అనిపిస్తోంది.

రోజువారీ పని నీరుగంటి అన్నదే. వారానికి రెండుసార్లు జల్లెడ గీకాలి. పాల ప్యాకెట్లు, షాంపూ కవర్లు, శానిటరీ ప్యాడ్లు, ఒకసారి పూర్తి చీర. పంచాయతీ నుంచి ఆయనకు నెలకు 1,500 అదనం, గమ్‌బూట్లు, చేతి తొడుగులు. తొడుగులు చిరిగిన రోజున కొత్తవి వచ్చేదాకా పని ఆపేయమని నేనే చెప్పాను. ఇళ్ల ట్యాంకులు మూడేళ్లకోసారి వంతుల ప్రకారం ఎత్తిస్తున్నాం, ఇంటికి నెలకు 40 రూపాయలు వసూలు చేసి.

2024 వేసవిలో బెంగళూరంతా నీళ్లకు అల్లాడింది. మా చుట్టుపక్కల బోర్లు ఎండాయి, ట్యాంకర్ ధరలు చుక్కలనంటాయి. అప్పుడు ఆ పైపు నీళ్ల కోసం మా ఊళ్లో గొడవే జరిగింది. రెండేళ్ల ముందు వాసనని ఏడ్చిన పిన్నమ్మ, తన సేవంతి తోటకు మొదటి వంతు కావాలని గ్రామసభలో పట్టుబట్టింది. ఇచ్చాం. అంత వాసన భరించింది కదా.

బోరు సంగతి కూడా చెప్పాలి. నైట్రేట్ 92 నుంచి 71కి దిగింది. ఇంకా 45 కంటే ఎక్కువే. భూమిలోకి ఇన్నేళ్లు దిగింది రెండేళ్లలో బయటికి పోదు. పొలాల ఎరువు కూడా అలాగే ఉంది. కాబట్టి పసిపిల్లలున్న ఇళ్లకు ఇప్పటికీ ఫిల్టర్ నీళ్ల మాట చెప్పి వస్తూనే ఉన్నాను.

పై వీధిలో ఇప్పుడు ఒక పీజీ బిల్డింగ్‌కు పునాది తీస్తున్నారు. 40 గదులట, అంటే వంద మంది దాకా. మా ప్లాంటు గదులు 640 మంది లెక్కకు కట్టినవి. సొంత శుద్ధి తొట్టి కట్టుకుంటేనే, వెనక గోడ మేం చూశాకే నీటి కనెక్షన్ ఇస్తామని పంచాయతీలో తీర్మానం చేయించాను. వాళ్ల మేస్త్రి వచ్చి, ‘మాకు సెప్టిక్ ట్యాంక్ ఉంది మేడం, మోరితో పని లేదు’ అన్నాడు. ఇంజినీరమ్మ ఇచ్చిన పొడి ఇంకా సగం సీసా ఉంది, బీరువా పై అరలో. గోడ లేచాక వెనక వైపు నేనూ మామా పోయి చూసి వస్తాం.